పాత పెట్రోల్ కారుకి ట్రిప్ కంప్యూటర్ ఇంట్లోనే మనమే బిగించుకోవచ్చా? కోరాపుట్ ఘాట్ రోడ్డులో వాడుతున్నవాడిగా చెప్తున్నాను

మీరు అడిగింది 2007 మోడల్ పెట్రోల్ వ్యాగన్ఆర్ గురించి. లీటరుకి ఎంత ఇస్తోంది, ఉన్న పెట్రోల్‌తో ఇంకా ఎంత దూరం వెళ్లొచ్చు అని కొత్త బండ్ల మీటర్లలో చూపిస్తుంది కదా, అది మన పాత బండికి ఇంట్లోనే బిగించుకోవచ్చా, బండి సాకెట్‌లో గుచ్చితే వివరాలు ఫోన్‌కి పంపే బ్లూటూత్ డాంగిల్ ఒకటి కొంటే సరిపోతుందా అన్నారు. పెట్టుకోవచ్చు. మాదీ ఆ కాలం నాటి ఎంపీఎఫ్ఐ (ఇంజెక్టర్లతో పెట్రోల్ అందే) బండే, ఉండేది కోరాపుట్ జిల్లా సునాబెడలో, సామానుకీ చుట్టాల ఇళ్లకీ సాలూరు, విజయనగరం దిగుతుంటాం కాబట్టి ఘాట్ తప్పదు. డాంగిల్ మాత్రం తొందరపడి కొనకండి.

ఎందుకంటే మన దేశంలో ఓబీడీ (బండి కంప్యూటర్‌లోని వివరాలు సాకెట్ ద్వారా బయటికి చదివే పద్ధతి) నిబంధన బీఎస్ 4 కాలుష్య ప్రమాణాలతో పాటు 2010లో మొదలైంది, పూర్తి ఓబీడీ 2 వచ్చింది 2013 నుంచి. అంతకుముందు బండ్లలో 16 పిన్నుల సాకెట్ కనిపించినా లోపల మాట్లాడే భాష కంపెనీ సొంతది కావచ్చు, అప్పుడు మామూలుగా దొరికే ఈఎల్ఎం 327 రకం డాంగిల్ ఎంత సేపు వెతికినా కనెక్ట్ అవదు. తెలిసినవాళ్ల దగ్గర ఒకటి అడిగి తెచ్చి పెట్టి చూడండి. ఇంజిన్ ఆర్‌పీఎం, స్పీడు ఫోన్‌లో కనిపిస్తే మీ పని తేలికైనట్టే. అయితే రెండు విషయాలు గుర్తుంచుకోండి. ఆ సాకెట్‌లో 16వ పిన్నుకి తాళం తీసేసినా కరెంటు వస్తూనే ఉంటుంది, డాంగిల్ అలాగే వదిలేసి వారం రోజులు బండి తీయకపోతే పాత బ్యాటరీ దిగిపోతుంది. రెండోది, డాంగిల్ పెట్రోల్‌ని నేరుగా కొలవదు. చాలా యాప్‌లు ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని బట్టి లెక్క కడతాయి, 14.7 కిలోల గాలికి ఒక కిలో పెట్రోల్ అనుకుని. ఇప్పుడు బంకుల్లో పోస్తున్న ఈ20 పెట్రోల్‌లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది కాబట్టి ఆ లెక్క 13.5 దగ్గరకి వస్తుంది. యాప్‌లో ఆ అంకె మార్చకపోతే ఖర్చు దాదాపు 8 శాతం తక్కువ చూపించి మైలేజీ బాగుందనిపిస్తుంది.

నేను పెట్టుకున్నది ఇంజెక్టర్ సిగ్నల్‌తో పనిచేసేది. ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామబుల్ బోర్డు మీద నడిచే ఎంపీగ్వినో అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు ఒకటి ఉంది, దాని పద్ధతే ఇది. ఇంజిన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్‌ని కొళాయి అనుకోండి, నిమిషానికి ఎన్ని సీసీలు వదులుతుందో తెలిసి, మొత్తం ఎంతసేపు తెరిచి ఉందో లెక్కపెడితే ఎంత పెట్రోల్ పోయిందో తెలిసిపోతుంది. మీ బండి 1061 సీసీ, నాలుగు సిలిండర్లు, నాలుగు ఇంజెక్టర్లు. ఒకదాని సిగ్నల్ తీసుకుని నాలుగుతో గుణిస్తే చాలు. ఇథనాల్ ఎంత కలిసినా ఈ లెక్క పెద్దగా తప్పదు, కొలిచేది పరిమాణాన్నే కాబట్టి.

తీగ పట్టుకోవడం దగ్గరే ఓపిక కావాలి. ఇంజెక్టర్‌కి రెండు తీగలుంటాయి. ఇంజిన్ ఆపి, కనెక్టర్ ఊడదీసి, తాళం ఆన్‌లో పెట్టి మల్టీమీటర్‌తో చూస్తే ఒకదానిలో 12 వోల్టులు వస్తాయి, దాన్ని వదిలేయండి. మీకు కావాల్సింది రెండోది, ఈసీఎం (ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్) దాన్ని ఎర్త్‌కి కలిపినప్పుడల్లా ఇంజెక్టర్ తెరుచుకుంటుంది. ఆ తీగని నేరుగా బోర్డుకి కలపకూడదు. ఇంజెక్టర్ మూసుకునే క్షణంలో లోపలి కాయిల్ నుంచి పదుల వోల్టుల ఎదురు దెబ్బ వస్తుంది, 5 వోల్టుల బోర్డు దాన్ని తట్టుకోదు. మధ్యలో ఆప్టోకప్లర్ (సిగ్నల్‌ని వెలుతురుతో దాటించే చిన్న చిప్పు) గానీ, 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో పాటు వోల్టేజీ పైకి పోకుండా ఆపే 5.1 వోల్టుల జీనర్ డయోడ్ గానీ పెట్టండి. కరెంటు మాత్రం తాళం ఆన్ చేస్తేనే వచ్చే ఫ్యూజు నుంచి తీసుకోండి, ఒక ఆంప్ ఫ్యూజు విడిగా వేసి, బక్ కన్వర్టర్‌తో 5 వోల్టులకి దించి. ఈసీఎం క్యాబిన్ లోపలే ఉంటే అక్కడే తీగ కలపడం మేలు. మా వైపు వానాకాలం నెలల తరబడి తేమ, పైగా ఎలుకలు బానెట్ కిందే కాపురం పెడతాయి, వట్టి ఇన్సులేషన్ టేపు అక్కడ నిలవదు. సోల్డర్ చేసి హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే తీగకి బిగుసుకునే గొట్టం) వేయండి. ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే పసుపు రంగు తొడుగులో ఉన్న తీగల జోలికి అసలు వెళ్లొద్దు.

స్పీడు సిగ్నల్ మీటరు వెనక దొరుకుతుంది. కిలోమీటరుకి ఎన్ని పల్స్‌లో బండిని బట్టి మారుతుంది, జపాన్ పద్ధతి బండ్లలో 2548 దగ్గర మొదలుపెట్టి చూడండి. సరిచేసుకోవడానికి ఘాట్ మలుపులు పనికిరావు. సాలూరు నుంచి రామభద్రపురం వైపు చదును రోడ్డు ఉంది కదా, అక్కడ కిలోమీటరు రాళ్లతో పోల్చి చూసుకోండి.

ఇక అసలు సంగతి. బిగించిన రోజు అది చూపించే అంకెని నమ్మకండి, ఎవరికీ చెప్పకండి కూడా. ఇంజెక్టర్ ఎంత వదులుతుందన్నది మొదట మనం వేసుకునే అంచనా మాత్రమే. ట్యాంకు నింపించి, మళ్లీ అదే బంకులో అదే పంపు దగ్గర ఆటో కట్ పడేదాకా కొట్టించి పోల్చాలి. మనం బిగించిన డబ్బా 30 లీటర్లు ఖర్చయిందని చూపించి బంకులో 33 లీటర్లు పట్టిందనుకోండి, ఆ ఇంజెక్టర్ అంచనా సెట్టింగ్‌ని 1.1తో గుణించండి. రెండు మూడు ట్యాంకులు ఇలా చేస్తే అంకె కుదురుకుంటుంది. ఈ పని చేయకుండా ఎంత ఖరీదైన డిస్‌ప్లే పెట్టినా దండగే. ఇంకా ఎంత దూరం వెళ్లొచ్చు అన్నదానికి పాత బండి ఫ్యూయల్ గేజ్ మీద ఆధారపడకండి. ట్యాంకు నింపినప్పుడు రీసెట్ చేసి, 35 లీటర్లలోంచి ఖర్చయింది తీసేస్తే మిగిలింది తెలుస్తుంది. ఆంధ్రాలో పెట్రోల్ మా ఒడిశా కంటే ఎక్కువ ధర కాబట్టి, ఘాట్ దిగే ముందు ఇక్కడే కొట్టించుకోవాలా, ఉన్నదానితో వెళ్లి రావొచ్చా అన్నది మాకు ఎప్పుడూ ఉండే లెక్కే. ఇప్పుడు దానికి టెన్షన్ లేదు.

ఘాట్‌లో ఇది చూపించిన ఇంకో విషయం మీకు తప్పక చెప్పాలి. మా వైపు చాలామంది సుంకి దగ్గర్నుంచి సాలూరు దిగేటప్పుడు పెట్రోల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేస్తారు. డిస్‌ప్లే చూస్తే నిజం అందుకు తిరగబడి ఉంది. గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేస్తే, చక్రాలే ఇంజిన్‌ని తిప్పుతాయి కాబట్టి ఈసీఎం ఇంజెక్టర్లని పూర్తిగా మూసేస్తుంది, ఖర్చు సున్నా. ఆర్‌పీఎం ఐడ్లింగ్ దగ్గరకి పడినప్పుడే మళ్లీ తెరుస్తుంది. న్యూట్రల్‌లో అయితే ఇంజిన్ తనంతట తాను తిరగాలి, మా బండి దానికి గంటకి అర లీటరు పైన తాగుతోంది. అదీగాక న్యూట్రల్‌లో బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి వేడెక్కి పట్టు తప్పితే ఎదురుగా వచ్చేది లోడు లారీ. ఇంట్లో పెద్దవాళ్లకి మాటలతో ఎంత చెప్పినా వినలేదు, సున్నా కళ్లారా చూశాక సెకండ్ గేరులో దించుతున్నారు. ఎక్కేటప్పుడు మైలేజీ అంకె లీటరుకి ఏడెనిమిది కిలోమీటర్లకి పడిపోతుంది, కంగారు పడకండి, కొండకి అంతే.

మీది గ్యాస్ కిట్ ఉన్న డ్యుయో అయితే గ్యాస్ మీద నడిచినంతసేపూ పెట్రోల్ ఇంజెక్టర్లు మూసే ఉంటాయి, ఈ పద్ధతి కుదరదు. మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ జీపులకి కూడా ఇది పనిచేయదు. ఎవరైనా పై వేరియంట్ మీటరు మొత్తం మార్చేయమని సలహా ఇస్తే, దాంతో ఓడోమీటర్ అంకె కూడా మారిపోతుందని గుర్తుంచుకోండి. మార్చినా పాత మీటరు, బిల్లు దాచండి, అమ్మేటప్పుడు కొనేవాళ్లకి ఆ సంగతి చెప్పాలి.

ముందు బానెట్ ఎత్తి ఇంజెక్టర్ కనెక్టర్, మీటరు వెనక తీగలు ఫోటో తీసి పెట్టండి, ఏది ఎక్కడ కలపాలో చూసి చెప్తాను.