ముందు ముగ్గురితో మొదలుపెట్టు

చిరంజీవికి ఆశీస్సులు.

కమిటీలో చర్చ ఎలా సాగుతుందో చూపిస్తూ నువ్వు పంపిన లాజిక్ మోడల్ చదివాను. ఎవరికేం తెలుసు, ఎవరు ఎవర్ని నమ్ముతారు, ఎవరు పట్టుబడతారు... కమిటీ చర్చనంతా ఒకే లాజిక్‌లో ఇరికించావు. సింబల్స్‌కి కొదవ లేదు గానీ, నీ ప్రశ్న ఏమిటో అంతుపట్టలేదు.

అది పక్కన పెట్టి ముగ్గురు జడ్జీల్ని తీసుకో. ఒప్పందం చెల్లుతుందా? ప్రతివాది దాన్ని ఉల్లంఘించాడా? రెండూ అవునంటేనే పరిహారం. మొదటి జడ్జి రెండింటికీ అవునన్నాడు. రెండో ఆయన చెల్లుతుంది గానీ ఉల్లంఘన లేదన్నాడు. మూడో ఆయన ఉల్లంఘన ఉంది, అసలు ఒప్పందమే చెల్లదన్నాడు. ఇప్పుడు లెక్కపెట్టు. చెల్లుతుందన్నవాళ్ళు ఇద్దరు, ఉల్లంఘన జరిగిందన్నవాళ్ళు ఇద్దరు, పరిహారం కట్టాలన్నది ఒక్కరే. ఎవరి మాటకి వాళ్ళ మాట పొసుగుతూనే ఉంది, బెంచి మాటే పొసగలేదు.

ఇది ఈ ఒక్క కేసుతో పోయేది కాదు. ఇలా ముడిపడిన అంశాలమీద ఎలాంటి అభిప్రాయాలొచ్చినా తట్టుకుంటూ, సభ్యులందర్నీ సమానంగా, అంశాలన్నిటినీ ఒకే తీరుగా చూస్తూ, ప్రతిదానికీ పొంతన తప్పని జవాబిచ్చే పద్ధతి లేదని తత్వవేత్తలు క్రిస్టియన్ లిస్ట్, ఫిలిప్ పెటిట్ 2002లో నిరూపించారు. ఏదో ఒకటి వదులుకోక తప్పదు. నువ్వేది వదులుతున్నావో మొదటి పేజీలోనే రాయి.

కారణాలమీద, అంటే ఆ రెండు ప్రశ్నలమీద, విడివిడిగా ఓటు పెట్టి తీర్పు రాబడితే ప్రతివాది కట్టాలి, నేరుగా తీర్పుమీద పెడితే బయటపడతాడు. నాకు మొదటిదే నచ్చుతుంది. కారణం చెప్పలేని తీర్పుతో పేచీలెక్కువ. కాకపోతే అందులో ఒక లొసుగుంది: ప్రతివాదిని తప్పించాలనుకున్న రెండో జడ్జి, తనకి నమ్మకం లేకపోయినా, ఒప్పందం చెల్లదని ఓటేస్తే సరిపోతుంది.

ఇదంతా ఓటు సంగతే, చర్చ ఇంకా మొదలుకాలేదు. వాదప్రతివాదాలు కావాలంటే కంప్యూటర్ శాస్త్రవేత్త ఫాన్ మిన్ డుంగ్ 1995లో ఇచ్చిన పద్ధతి పట్టుకో. వాదాలు చుక్కలు, ఖండనలు బాణాలు. రెండు వాదాలు ఒకదాన్నొకటి ఖండించుకుంటుంటే, జాగ్రత్తపరుడు రెండూ పక్కన పెడతాడు, తెగించేవాడు ఏదో ఒకటి ఎంచుకుంటాడు. నీ కమిటీ ఏ రకమో నువ్వే చెప్పాలి.

ఎవరికేం తెలుసన్నదే ముఖ్యమైతే దారి వేరు. ఒక విషయం అందరికీ విడివిడిగా మెయిల్ పెట్టడం, మీటింగులో అందరిముందూ చెప్పడం ఒకటి కాదు. మెయిల్‌తో సంగతి తెలుస్తుంది, పక్కవాడికీ తెలుసన్న సంగతి తెలియదు. ఎపిస్టెమిక్ లాజిక్, అంటే ఎవరికేం తెలుసన్నదాని తర్కం, ఈ తేడాని బాగా పట్టుకుంటుంది.

నమ్మకం కొంచెం కొంచెంగా మారే భాగం మాత్రం తీసెయ్. దానికి గణాంకవేత్త డిగ్రూట్ 1974లో చేసినట్టు సభ్యుల అభిప్రాయాలకి సగటులు వేసుకుంటే చాలు.

వచ్చే ఉత్తరంలో ఆ ముగ్గురు జడ్జీల ఓట్ల పట్టిక ఒక్కటే పంపు.