పాడైన నేలని ఫంగస్‌తో బాగుచేసే ఫీల్డ్‌లో ఉద్యోగాలు ఉంటాయా?

సంగారెడ్డి నుంచి ఒక నాన్నగారు అడిగారు. వాళ్ళమ్మాయి బీఎస్సీ మైక్రోబయాలజీ సెకండియర్, కెమికల్స్‌తో పాడైన మట్టిని ఫంగస్‌తో బాగుచేసే పనిలోకే పోతానని పట్టుబట్టిందట, ఆయనేమో బీఈడీ చేయిద్దామని.

సార్, ముందు సూటిగా చెప్పేస్తా, ఈ పేరుతో మన దగ్గర నోటిఫికేషన్ ఏదీ పడదు. అలాగని అమ్మాయిది పిచ్చి ఆశ కాదు. ఎండిన మొద్దు మీద తెల్లగా పట్టే ఫంగస్ చూసుంటారు, అది చెక్కని గట్టిగా ఉంచే లిగ్నిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టడానికి ఎంజైములు బయటికి వదుల్తుంది, వాటికి లిగ్నినే కావాలన్న పట్టింపు లేదు, డీజిల్‌లోని కొన్ని రసాయనాల్ని, డీడీటీ లాంటి మందుల్ని, బట్టల రంగుల్ని కూడా విరగ్గొడతాయి. డీడీటీ సంగతి 1985లోనే సైన్స్ పత్రికలో వచ్చింది. మరి ఇన్నేళ్ళయినా ఊరూరా ఎందుకు వాడట్లేదంటే, ల్యాబ్‌లో బ్రహ్మాండంగా పెరిగేది బయట మట్టిలో తడబడుతుంది, తేమ చాలదు, అక్కడున్న బాక్టీరియాతో పోటీ, తినడానికి గడ్డో రంపంపొట్టో కలపకపోతే నిలవదు. మీ అమ్మాయి పని చేయాల్సిన చోటు అదే.

ఇంకోటి, సీసం, ఆర్సెనిక్ లాంటివాటిని ఏ ఫంగసూ మాయం చేయలేదు, తనలోకి పీల్చుకుంటుంది అంతే. మీ పక్కనే పటాన్‌చెరు ఉంది, ఫ్యాక్టరీల వ్యర్థాలతో పాడైన నక్కవాగు సంగతి నాకంటే మీకే బాగా తెలుసు, అలాంటి నేలలో ఒక్క విషం కాదు, అన్నీ కలిసి ఉంటాయి. అందుకే ఫంగస్ పెంచడం ఒక్కటే వస్తే సరిపోదు, మట్టి శాంపిల్ సరిగ్గా తీయడం, ఏ రసాయనం ఎంతుందో చూపించే జీసీ-ఎంఎస్ అనే మెషీన్ మీద కొలవడం, రిపోర్టు రాయడం రావాలి. జీతం ఇచ్చేది ఆ పనికే, ఫంగస్ మీద చేసిన పని థీసిస్‌లోకి పనికొస్తుంది.

ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ గానీ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్ గానీ చేయించండి. ఉస్మానియాకైతే సీపీగెట్, హెచ్‌సీయూకి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్‌లు రాయాలి. తర్వాత నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్, అంటే పీహెచ్‌డీ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్, కొడితే నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ వేరే. పర్యావరణం మీద పరిశోధన చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ, నాగ్‌పూర్‌లోని నీరి (NEERI)కి హైదరాబాద్‌లో కూడా ల్యాబ్ ఉంది, ప్రాజెక్ట్ పోస్టుల కోసం వాళ్ళ సైట్ చూస్తూ ఉండాలి. ఆయిల్ ఒలికిన నేల బాగుచేయడానికి ఢిల్లీలోని టెరి (TERI) అనే పరిశోధన సంస్థ వాళ్ళు ఆయిల్ జాపర్ అని తయారుచేశారు, ఓఎన్‌జీసీతో కలిసి కంపెనీయే పెట్టారు, అది బాక్టీరియాతో అనుకోండి, కానీ మట్టి శుభ్రం చేయడానికి డబ్బు పెట్టేవాళ్ళు ఉన్నారని తెలుస్తుంది కదా. పీసీబీలో, అంటే కాలుష్య నియంత్రణ మండలిలో, ఇంజినీర్ పోస్టులు మాత్రం బీటెక్ వాళ్ళకే, వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. బీఈడీ అంటారా, ఎమ్మెస్సీ అయ్యాక కూడా చేయొచ్చు, ఇప్పుడే తొందరేం లేదు.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. కాలేజీ ల్యాబ్‌లో, మేడంని అడిగి, రెమజాల్ బ్లూ అనే డై కలిపిన అగార్ ప్లేట్ (ఫంగస్ పెంచే జెల్లీ లాంటి పదార్థం పోసిన గిన్నె) మధ్యలో ఆయిస్టర్ మష్రూమ్ కల్చర్ చిన్న ముక్క పెట్టమనండి. తెల్లటి దారాలు పాకే కొద్దీ ముక్క చుట్టూ నీలం వెలిసిపోతుంది, రోజూ స్కేలుతో కొలిచి నోట్‌బుక్‌లో రాసుకోవాలి. రంగు పోయిందంటే విషం కూడా పోయినట్టేనా అని అడగండి, పోయిందో లేదో ఎలా తేల్చాలో తనే వెతుక్కుంటూ రెండు వారాలు కూర్చుందంటే, ఇంక బీఈడీ మాట ఎత్తకండి సార్.