పాత యాంటీవైరస్, కొత్త విండోస్

ప్రశ్న: విండోస్ 7 కాలంలో కొన్న యాంటీవైరస్‌ను విండోస్ 11 కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ చేశాను. స్కాన్ నడుస్తోంది గాని, రక్షణ గుర్తు ఎర్రగానే ఉంటోంది. కంపాటిబిలిటీ మోడ్ పెట్టినా ఫలితం లేదు. ఎందుకు?

జవాబు: యాంటీవైరస్‌లో రెండు భాగాలుంటాయి. మీరు అడిగినప్పుడు ఫైళ్లను వెతికే స్కానర్ మామూలు ప్రోగ్రామే కనుక అది నడుస్తోంది. ఫైలు తెరిచిన క్షణంలోనే అడ్డుపడే కాపలా భాగం మాత్రం విండోస్ లోలోపలి కేంద్ర భాగమైన కెర్నెల్‌లో, డ్రైవర్ అనే సిస్టమ్ స్థాయి ప్రోగ్రామ్ రూపంలో పనిచేయాలి; చిక్కంతా అక్కడే ఉంది. 64 బిట్ విండోస్ విస్టా నుంచి సరైన డిజిటల్ సంతకం లేని డ్రైవర్లను సిస్టమ్ లోపలికి రానివ్వదు. కొన్ని పాత యాంటీవైరస్‌లు కెర్నెల్ పట్టికలనే మార్చి నిఘా పెట్టేవి గాని, ఇప్పుడు అలాంటి మార్పును కెర్నెల్‌కు కాపలా కాసే విండోస్ ఏర్పాటు ప్యాచ్‌గార్డ్ పసిగడితే కంప్యూటర్ నీలి తెరతో ఆగిపోతుంది. కెర్నెల్‌లోకి హానికర కోడ్ చొరబడకుండా చూసే విండోస్ 11లోని మెమరీ ఇంటెగ్రిటీ కూడా తనకు సరిపడని డ్రైవర్లను ఆపేస్తుంది. కంపాటిబిలిటీ మోడ్ ప్రోగ్రామ్‌కు పాత వెర్షన్ నంబరు చూపించి నమ్మించగలదే తప్ప డ్రైవర్ల విషయంలో దానికి పాత్ర లేదు.

ఈ డ్రైవర్ కోసం మెమరీ ఇంటెగ్రిటీని ఆపేయమని ఎవరైనా చెబితే వినకండి. దొంగ కోసం కాకుండా కాపలావాడి కోసమే తలుపు గడియ తీసినట్టవుతుంది. పైగా వైరస్ నిర్వచనాలు, అంటే వైరస్‌లను గుర్తుపట్టే ఆనవాళ్ల జాబితా, అప్‌డేట్ కాకపోతే నడుస్తున్న ఆ స్కాన్ కూడా పాత వైరస్‌లనే వెతుకుతుంది.

పాత ప్రోగ్రామ్‌ను సెట్టింగ్స్‌లోంచి తొలగించండి. మొండికేస్తే దాని తయారీదారు ఇచ్చే తొలగింపు టూల్‌ను, అత్యవసర భాగాలతో మాత్రమే విండోస్ నడిచే సేఫ్ మోడ్‌లో నడపండి. కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేశాక, 2012 నాటి విండోస్ 8 నుంచి పూర్తి యాంటీవైరస్‌గా వస్తున్న డిఫెండర్ మళ్లీ ఆన్ అయిందో లేదో విండోస్ సెక్యూరిటీలో చూసుకోండి.