ట్యూరింగ్ పథకం దరఖాస్తు ఎక్కడ?

బ్రిటన్‌లో చదువుతూ జపాన్‌లో ఇంటర్న్‌షిప్ చేయడానికి ట్యూరింగ్ పథకం (విదేశాల్లో చదువుకో, పని అనుభవానికో వెళ్లేవారికి బ్రిటన్ ప్రభుత్వం నిధులిచ్చే పథకం) దరఖాస్తు కోసం ప్రభుత్వ వెబ్‌సైట్ అంతా వెతికానన్నారు. అక్కడ దొరకదండీ. 2021లో ఐరోపా సమాఖ్య విద్యార్థి మార్పిడి పథకమైన ఎరాస్మస్ స్థానంలో వచ్చిన ఈ పథకానికి విద్యార్థులు నేరుగా దరఖాస్తు చేయలేరు. విశ్వవిద్యాలయమే ప్రభుత్వాన్ని నిధులు అడిగి, మంజూరైతే విద్యార్థులను ఎంపిక చేస్తుంది. కాబట్టి మీ అంతర్జాతీయ విభాగాన్ని అడగండి: ఈ విద్యా సంవత్సరానికి నిధులు వచ్చాయా, అంతర్గత గడువు ఎప్పుడు? ఈమెయిల్‌లోనే అడగండి, నోటిమాటగా చెప్పింది ఎవరికీ గుర్తుండదు. బ్రిటన్ పౌరసత్వం లేదన్న బెంగ అక్కర్లేదు, అది షరతు కాదు. కుటుంబ ఆదాయం తక్కువైతే ప్రయాణం, వీసా ఖర్చులకూ సాయం అడగవచ్చు. ఆ పత్రాలు ఇప్పుడే సిద్ధం చేసుకోండి. అయితే గ్రాంటుతోనే అన్నీ గడిచిపోతాయనుకోకండి. ఎంపిక ఖాయమయ్యే వరకు విమానం టికెట్ మాత్రం కొనవద్దు.