డిస్క్‌కి స్టెమ్ సెల్ ఇంజెక్షన్: అడ్వాన్స్ అప్పుడే కట్టకండి

బ్రదర్, నాన్నగారి నడుములో ఎల్‌4-ఎల్‌5 డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు లాంటి భాగం) అరిగిందని, మారతహళ్ళి వైపు ఒక క్లినిక్‌లో స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్‌కి అడ్వాన్స్ అడుగుతున్నారని రాశారు. కొటేషన్ మీద 'రీజెనరేటివ్ ప్యాకేజీ' అని తప్ప చికిత్స పేరే లేదన్నారు కదా, అక్కడే తేడా కొడుతోంది.

ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం డిస్క్‌కి ఇది క్లినికల్ ట్రయల్‌గానే, అంటే పరిశోధనగానే చేయాలి. ఆ ట్రయల్ సీటీఆర్‌ఐలో (మన దేశంలో క్లినికల్ ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదై ఉండాలి, పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. కాబట్టి ఫోన్ చేసి 'సీటీఆర్‌ఐ నంబర్ ఎంత సార్?' అని అడగండి. ఇస్తే వెబ్‌సైట్‌లో వెతకండి. ట్రయల్ డిస్క్ గురించేనా, ఆ క్లినిక్ పేరు అందులో ఉందా చూడండి. మోకాళ్ల నొప్పికి వేసిన నంబర్ చూపిస్తే లాభం లేదు.

డిస్క్ మధ్యలో రక్తనాళాలు ఉండవు, అక్కడ కణాలు బతకడమే కష్టం. ఇలాంటి ఇంజెక్షన్ మీద 404 మందితో చేసిన పెద్ద ట్రయల్ కూడా ప్రధాన లక్ష్యాన్ని అందుకోలేదని 2021లో తేలింది.

ఎంఆర్‌ఐ చూసి టెన్షన్ పడకండి. యాభై ఏళ్ల వయసులో నొప్పే లేనివాళ్లలోనూ దాదాపు 80 శాతం మందికి డిస్క్ అరుగుదల కనిపిస్తుంది. ముందు ఫిజియోథెరపీ, ఇంకో స్పైన్ డాక్టర్ సలహా. కాలు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా మాత్రం వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.