మేజర్ తేల్చుకోకుండా అమెరికాకి అప్లై చేయొచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో ఏడాది. డిగ్రీకే అమెరికా వెళ్తానంటోంది. లెక్కలంటే ప్రాణం. మొన్న కరెంటు బిల్లు పట్టుకుని స్లాబులన్నీ లెక్కగట్టి, తక్కువ వాడేవాళ్లకి తగ్గించే రేటు ఎవరి మీద పడుతుందని వాళ్ల నాన్నని అడిగింది. బయాలజీ కూడా వదలనంటోంది. అప్లికేషన్‌లో మేజర్ (డిగ్రీలో ప్రధానంగా చదివే సబ్జెక్టు) దగ్గర 'అన్‌డిక్లేర్డ్', అంటే ఇంకా తేల్చుకోలేదని పెడుతుందట. క్లారిటీ లేని పిల్ల అనుకుంటారేమోనని టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మీ భయం అర్థమైందమ్మా. మన దగ్గర పదో తరగతి అవగానే ఎంపీసీయా, బైపీసీయా తేల్చేయాలి. అక్కడ చాలా యూనివర్సిటీల్లో అలా కాదు. ఎంఐటీలో మొదటి ఏడాది ఎవరికీ మేజర్ ఉండదు. స్టాన్‌ఫర్డ్‌లో రెండో ఏడాది చివరిదాకా టైముంటుంది. పర్డ్యూలో ఇంకా తేల్చుకోని పిల్లల కోసమే 'ఎక్స్‌ప్లొరేటరీ స్టడీస్' అని ఒక ప్రోగ్రామ్ ఉంది. ఇలాంటి చోట్ల అన్‌డిక్లేర్డ్ అని పెట్టినంత మాత్రాన పిల్లని తక్కువగా చూడరు.

కానీ కంప్యూటర్ సైన్స్ సంగతి వేరు. మీ అమ్మాయి మనసులో ఆ ఆలోచన ఏ మూలనున్నా ఇప్పుడే బయటికి చెప్పమనండి. సియాటెల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్, ఇల్లినాయ్ అర్బానా-షాంపేన్ లాంటి చోట్ల ముందు వేరేదాంట్లో చేరి, తర్వాత సీఎస్‌లోకి మారడం చాలా చాలా కష్టం. 'ముందు చేరనీ, తర్వాత మారొచ్చులే' అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఈ ఒక్క మాట మీద పిల్లలు ఇబ్బంది పడటం నాకు బాధగా ఉంటుంది. అప్లై చేసే ప్రతి యూనివర్సిటీ వెబ్‌సైట్‌లో మేజర్ మార్చుకునే రూల్ మీరిద్దరూ కలిసి చదవండి.

అప్లికేషన్‌తో పంపే వ్యాసాల్లో 'నాకు అన్నీ ఇష్టమే' అని రాయొద్దు. ఆ కరెంటు బిల్లు సంగతే రాయమనండి. ఏ యూనిట్ దగ్గర రేటు మారింది, ఆ ప్రశ్న ఎందుకొచ్చింది, దాని కోసం తర్వాత ఏం చదివింది. అది చదివినవాళ్లెవరూ ఈ పిల్లకి క్లారిటీ లేదనరు. ముందుగా అప్లై చేసేవాళ్లకి ఉండే ఎర్లీ గడువు చాలా చోట్ల నవంబరు 1, కాబట్టి దసరా సెలవుల్లోపే మొదటి డ్రాఫ్ట్ అయిపోవాలి.

ఇంకొకటి. చదువయ్యాక అక్కడ ఉద్యోగం చేయడానికి ఇచ్చే అనుమతి (ఓపీటీ) 12 నెలలు, స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, మ్యాథ్స్) డిగ్రీ అయితే మరో 24 నెలలు. మీ అమ్మాయి కరెంటు బిల్లు ప్రశ్న ఎకనామిక్స్‌కి దగ్గరిది కదా, ఆ ఎకనామిక్స్ కొన్ని కాలేజీల్లో స్టెమ్ కిందికి వస్తుంది, కొన్నిట్లో రాదు. అది ఆ డిగ్రీకి ఇచ్చిన సీఐపీ కోడ్‌ని (ఏ కోర్సు ఏ కోవలోకి వస్తుందో చెప్పే నంబరుని) బట్టి ఉంటుంది. వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రంలో మేజర్ తర్వాత మార్పించుకోవచ్చు. మేజర్ ఖాయం చేసే ముందు మాత్రం ఆ కోడ్ ఏంటో యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల కోసం ఉండే ఇంటర్నేషనల్ ఆఫీసులో అడిగి తెలుసుకోమనండి.