ఆఫీసు మెయిళ్లు క్యూలోనే ఆగిపోతున్నాయా?

ప్రశ్న: మాది రొయ్యల మేత వ్యాపారం. ఆఫీసులో లినక్స్ మెషీన్‌లో పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ పెట్టాం, రైతులకు బిల్లులు మెయిల్ చేద్దామంటే ఒక్కటీ వెళ్లట్లేదు. లాగ్‌లో పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి) దగ్గర ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని వస్తోంది. ఏం చేయాలండీ?
– ఓ పాఠకుడు, భీమవరం

జవాబు: టెన్షన్ పడకండి, తప్పు మీ సెట్టింగుల్లో కాకపోవచ్చు. చాలా ఇంటర్నెట్ కంపెనీలు స్పామ్ భయంతో పోర్ట్ 25ని మూసేస్తాయి, పైగా బ్రాడ్‌బ్యాండ్ ఐపీ నుంచి నేరుగా వచ్చే మెయిల్‌ని అవతలి సర్వర్లు సాధారణంగా నమ్మవు. కాబట్టి పోర్ట్ 587లో లాగిన్ అయి, మెయిళ్లను ఒక రిలే సర్వర్‌కి (మీ తరఫున మెయిల్ ముందుకు పంపే సర్వర్‌కి) అప్పగించాలి, లంకలో కొబ్బరికాయ పడవ మీద రేవు దాటాకే లారీ ఎక్కినట్టు.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగులుండే మెయిన్ డాట్ సీఎఫ్ ఫైల్లో రిలేహోస్ట్ దగ్గర ఆ సర్వర్ పేరుని చదరపు బ్రాకెట్లలో రాసి, పక్కనే కోలన్, 587 పెట్టండి. బ్రాకెట్లు లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ రికార్డు (డొమైన్‌కి వచ్చే మెయిల్ ఏ సర్వర్ తీసుకోవాలో చెప్పేది) వెతుక్కుంటుంది. తర్వాత సాసల్ ఆథెంటికేషన్ (రిలే సర్వర్‌లో లాగిన్ అయ్యే పద్ధతి) ఆన్ చేసి, కనెక్షన్‌ని రహస్యంగా ఉంచే టీఎల్ఎస్ లెవెల్‌ని ఎన్‌క్రిప్ట్‌గా పెట్టి, రిలే లాగిన్ వివరాలు రాసిన పాస్‌వర్డ్ ఫైల్‌ మీద పోస్ట్‌మ్యాప్ కమాండ్ నడిపి, ఇతరులు చదవకుండా దానికి 600 పర్మిషన్ ఇవ్వండి. చాలామంది ఇరుక్కునేది ఇంకోచోట: సాసల్ సెక్యూరిటీ ఆప్షన్స్‌లో ‘నోఅనానిమస్’ ఒక్కటే ఉండాలి, పాస్‌వర్డ్‌ని నేరుగా పంపనివ్వని, డిఫాల్ట్‌గా ఉండే ‘నోప్లెయిన్‌టెక్స్ట్’ని అలాగే వదిలేస్తే లాగిన్ కుదరదు. జీమెయిల్‌ ద్వారా పంపితే మామూలు పాస్‌వర్డ్ పనిచేయదు, టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని యాప్ పాస్‌వర్డ్ తీసుకోండి.

మైనెట్‌వర్క్స్‌లో (మీ సర్వర్ ద్వారా మెయిల్ పంపనిచ్చే ఐపీల జాబితాలో) మాత్రం బయటి ఐపీలేవీ పెట్టొద్దు, దయచేసి! ఊరందరికీ తెరిచిపెడితే స్పామర్లు మీ సర్వర్‌నే వాడుకుంటారు. సొంత డొమైన్ ఉంటే ఎస్‌పీఎఫ్ రికార్డులో (మీ డొమైన్ పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేదాంట్లో) రిలే సర్వర్‌ని చేర్చండి. అన్నీ అయ్యాక పోస్ట్‌ఫిక్స్‌ని రీలోడ్ చేసి, పోస్ట్‌క్యూ మైనస్ ఎఫ్ కమాండ్ కొడితే ఆగిన బిల్లులు కదులుతాయి.